అది ‘చివరి కోరిక’ కాదు: జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చే సంస్థలు అసలు ఏం చేస్తాయి?

కొన్ని నెలలకోసారి ఒక ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. కొలతలు తీసి కుట్టించిన యూనిఫాం వేసుకుని నిలబడ్డ ఓ చిన్న పిల్లాడు, ఎదురుగా వాడికి సెల్యూట్ కొడుతున్న పెద్ద అధికారి. కింద ‘చిన్నారి చివరి కోరిక తీరింది’ అని రాసి ఉంటుంది. చూసినవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి, నలుగురికీ పంపిస్తారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. ఆ డబ్బేదో వైద్యానికే పెట్టొచ్చు కదా? రెండేళ్ల తర్వాత ఆ పిల్లాడు హాయిగా బడికి వెళ్తున్నాడట, మరి అప్పుడు మనకు చెప్పింది అబద్ధమా? అసలు ఈ పిల్లల్ని ఎవరు ఎంచుకుంటారు?

ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే ఈ గందరగోళంలో సగం ఆ ‘చివరి’ అనే ఒక్క మాటతోనే వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ మాట పక్కన పెడితే చాలా ముడులు వాటంతట అవే వదులవుతాయి, కొన్ని మాత్రం వదలవు, వాటి గురించీ మాట్లాడుకుందాం.

‘చివరి’ అనే మాట ఎలా అంటుకుంది

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు మేక్-ఎ-విష్. దాని పుట్టుక అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, 1980లో. క్రిస్ గ్రీషియస్ అనే ఏడేళ్ల బాబుకు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. పెద్దయ్యాక పోలీసు అవుతానని అస్తమానం అనేవాడు. ఆ సంగతి తెలిసిన ఒక కస్టమ్స్ అధికారి రాష్ట్ర పోలీసు విభాగంలో ఉన్న తన స్నేహితులకు చెప్పాడు. ఏప్రిల్ 29న వాళ్లు ఆ బాబును హెలికాప్టర్ ఎక్కించారు, పోలీసు కారులో తిప్పారు, ప్రమాణం చేయించి గౌరవ అధికారిగా చేర్చుకున్నారు. వాడి కొలతలకు రాత్రికి రాత్రి యూనిఫాం కుట్టించారు. మోటార్ సైకిల్ దళం వాళ్లు పెట్టుకునే రెక్కల బ్యాడ్జీ కావాలంటే పరీక్ష పాసవ్వాలి కాబట్టి, బ్యాటరీతో నడిచే చిన్న బండి మీద వాడికి ఆ పరీక్ష కూడా పెట్టారు. మే 3న ఆ బాబు చనిపోయాడు.

అంత్యక్రియలు ఇల్లినాయి అనే మరో అమెరికా రాష్ట్రంలో, పోలీసు లాంఛనాలతో జరిగాయి. అక్కడికి వెళ్లి వస్తున్న దారిలో ఫ్రాంక్ షాంక్విట్జ్ అనే అధికారికీ ఆయన సహచరుడికీ, మిగతా పిల్లలకూ ఇలా ఎందుకు చేయకూడదనే ఆలోచన వచ్చింది. అదే ఏడాది చివరికల్లా అది ఒక సంస్థగా నమోదైంది. ఇప్పుడు దాదాపు 50 దేశాల్లో పనిచేస్తోంది, అన్నీ కలిపి 5 లక్షలకు పైగా కోరికలు తీర్చింది. ఏటా ఏప్రిల్ 29ని ప్రపంచ విష్ దినంగా జరుపుతారు.

అంటే ఆ మొదటి కథ నిజంగానే చివరి కోరిక. నాలుగు రోజుల్లో అంతా అయిపోయిన కథ. మనసులో నాటుకుపోయే కథ కూడా, అందుకే ఆ తర్వాత వచ్చిన ప్రతి కోరికనీ జనం అదే చూపుతో చూస్తున్నారు. కానీ అప్పటికీ ఇప్పటికీ మధ్య పిల్లల వైద్యమే మారిపోయింది. 1960లలో పిల్లల్లో ఎక్కువగా కనిపించే లుకేమియా వస్తే పదిమందిలో ఒక్కరు బతకడమే గొప్ప. ఈరోజు మంచి వైద్యం అందే చోట అదే జబ్బు నుంచి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బయటపడుతున్నారు. వైద్యం అందడంలో తేడా మాత్రం చాలా పెద్దది: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, ఎన్నో పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదు.

ప్రాణాపాయం వేరు, ప్రాణం పోవడం ఖాయమనడం వేరు

ఇక్కడ రెండు మాటలు విడివిడిగా పట్టుకోవాలి. ఒకటి, ఇక నయం చేయలేమని డాక్టర్లు తేల్చేసిన జబ్బు. రెండోది, ప్రస్తుతం ప్రాణానికి ముప్పు ఉన్న జబ్బు. మొదటి రకంలో ప్రయత్నం నొప్పి తగ్గించడం మీద, ఉన్న రోజులు ప్రశాంతంగా గడిచేలా చూడటం మీద ఉంటుంది, దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. రెండో రకంలో పోరాటం ఇంకా నడుస్తోంది, చాలాసార్లు గెలుస్తారు కూడా.

మేక్-ఎ-విష్ లాంటి సంస్థలు చూసేది రెండోదాన్ని, మొదటి రకమే అయి ఉండాలనేమీ లేదు. వాళ్ల నిబంధనలో ఉన్నది సుమారుగా ఇది: జబ్బు రోజురోజుకీ ముదిరేదో, శరీరాన్ని క్రమంగా క్షీణింపజేసేదో, క్యాన్సర్ లాంటిదో అయి ఉండి, ఇప్పుడు ఆ బిడ్డ ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టి ఉండాలి. అమెరికాలో వయసు రెండున్నరేళ్లు నిండి 18 లోపు ఉండాలి, ఇంతకుముందు ఇలాంటి ఏ సంస్థ నుంచీ కోరిక పొంది ఉండకూడదు. కుటుంబం ఆదాయం ఎంత అన్నది చూడరు. ఇది చాలామందికి మింగుడుపడదు గానీ, ఇది పేదరికానికి ఇచ్చే సాయం కాదు, జబ్బు లాక్కున్న బాల్యంలో కొంతైనా తిరిగివ్వాలనే ప్రయత్నం. బిడ్డకు కీమో ఎక్కుతుంటే డబ్బున్న ఇంట్లోనైనా తల్లిదండ్రులు ఆ గదిలోనే కూర్చుని ఉంటారు.

ఉదాహరణకు నలుగురు పిల్లల్ని ఊహించుకుందాం. ఎనిమిదేళ్ల పాప, లుకేమియా, చికిత్స బాగా పనిచేస్తోంది, మరో ఏడాదిన్నర మందులు వాడాలి. ఈ పాపకు అర్హత ఉంటుంది, నయమయ్యే అవకాశం ఎక్కువే అయినా సరే. పదిహేనేళ్ల అబ్బాయి, కండరాలు క్రమంగా బలహీనపడే డుషేన్ డిస్ట్రఫీ. ఇతనికీ ఉంటుంది, రేపో మాపో ప్రమాదం లేకపోయినా జబ్బు ముదురుతూనే ఉంటుంది కాబట్టి. ఆరేళ్ల బాబు, ఆస్తమా, మందులతో అదుపులో ఉంది, బడికి వెళ్తున్నాడు. ఇతనికి సాధారణంగా ఉండదు. పదకొండేళ్ల పాప, ప్రమాదంలో కాలు పోయింది, ప్రాణాపాయం దాటిపోయింది. కష్టం చిన్నదేమీ కాదు, అయినా ఈ గీతలోకి రాదు.

ఈ చివరి ఇద్దరి ఇళ్లలో కలిగే బాధను తేలిగ్గా తీసుకోలేం. గీత ఎక్కడ గీసినా దానికి అవతల ఒక బిడ్డ ఉంటుంది. అందుకే ఆ నిర్ణయం వాలంటీర్ల చేతిలో పెట్టరు, బిడ్డకు వైద్యం చేస్తున్న డాక్టర్ ధ్రువీకరించాలి, అనుమానం ఉన్న చోట సంస్థ తరఫు వైద్య సలహాదారులు చూస్తారు.

మంచి వార్త కొందరికి చేదైన సందర్భం

ఈ గీత ఎంత సున్నితమైనదో 2024లో జరిగిన ఒక మార్పు చూస్తే తెలుస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బులో ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయి మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఒకప్పుడు ఈ పిల్లలు పెద్దవాళ్లవడమే అరుదు. దశాబ్దాలుగా ఈ జబ్బు పేరు చెబితే చాలు కోరికకు అర్హత వచ్చేసేది. 2019లో మూడు మందుల కలయికతో ఒక కొత్త చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది, దానితో చాలామంది జీవితమే మారిపోయింది. ఆ ప్రగతిని చూపిస్తూ, 2024 జనవరి నుంచి ఈ జబ్బుకు ఆటోమేటిక్ అర్హత ఉండదని, ఒక్కో బిడ్డ పరిస్థితి చూసి నిర్ణయిస్తామని మేక్-ఎ-విష్ అమెరికా ప్రకటించింది.

సంస్థ వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే, జబ్బు ముప్పు తగ్గినప్పుడు ఆ చోటు మరో బిడ్డకు వెళ్లాలి. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే వేరేలా ఉంటుంది. ఆ కొత్త మందులు దాదాపు పదిశాతం రోగుల జన్యుమార్పులకు పనిచేయవు, పనిచేసే వాళ్లకూ రోజూ గంటల తరబడి చికిత్సలు, ఆసుపత్రి చుట్టూ తిరగడం పూర్తిగా పోలేదు. ‘మీ బిడ్డ ఇక అంత జబ్బు మనిషి కాదు’ అని ఎవరో బయటివాళ్లు చెప్పినట్టు వాళ్లకు వినిపించింది. రెండు వైపులా నిజం ఉంది. నాకు మాత్రం, ఒక్కో బిడ్డను విడిగా చూస్తామన్న మాటను ఎంత ఉదారంగా పాటిస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుందనిపిస్తుంది.

కోరిక అడిగే రోజు నుంచి తీరే రోజు వరకు

బిడ్డ పేరును సంస్థకు ఎవరైనా పంపొచ్చా అంటే, ఎవరైనా కాదు. బిడ్డే అడగొచ్చు, తల్లిదండ్రులు, దగ్గరి కుటుంబసభ్యులు అడగొచ్చు, డాక్టర్, నర్స్, ఆసుపత్రి సోషల్ వర్కర్ పంపొచ్చు. తర్వాత డాక్టర్ ధ్రువీకరణ. అది వచ్చాక సాధారణంగా ఇద్దరు వాలంటీర్లు బిడ్డను కలుస్తారు.

ఈ కలయికలోనే అసలు పనితనం ఉంటుంది, ఫోటోల్లో ఎప్పుడూ కనిపించని భాగం కూడా ఇదే. ఎందుకంటే ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్న పిల్లలు పెద్దవాళ్ల మొహాలు చదవడంలో ఆరితేరి ఉంటారు. అమ్మకు ఏది ఇష్టమో, నాన్న దేనికి టెన్షన్ పడతాడో వాళ్లకు బాగా తెలుసు, అందుకని తమకు కావలసింది కాకుండా ఇంట్లోవాళ్లు సంతోషించేది చెప్పేస్తారు. అనుభవమున్న వాలంటీర్లు అందుకే బిడ్డతో కాసేపు విడిగా మాట్లాడతారు, ఒకరు తల్లిదండ్రులతో కాగితాల పని చూసుకుంటుంటే ఇంకొకరు బిడ్డతో కింద కూర్చుని బొమ్మలు గీస్తారు. ‘నీకేం కావాలి’ అని నేరుగా అడిగితే పిల్లలు తరచుగా టీవీలో చూసినదేదో చెబుతారు. నువ్వు ఎక్కడికైనా వెళ్లగలిగితే, ఏదైనా అవగలిగితే, ఎవరినైనా కలవగలిగితే, ఎవరికైనా ఏదైనా ఇవ్వగలిగితే అని తిప్పి తిప్పి అడుగుతూ, ఎందుకని నెమ్మదిగా తవ్వుతారు. మాట రాని పిల్లలతో బొమ్మల కార్డులు, కళ్ల కదలికలు, ఇంట్లోవాళ్లు గమనించిన ఇష్టాలు వాడతారు.

ఊహకు ఒక ఉదాహరణ. ఒక బాబు ‘సముద్రం చూడాలి’ అన్నాడనుకోండి. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఆసుపత్రికి రాకముందు వాడు చెల్లితో కలిసి ఇసుకలో ఆడేవాడు, ఏడాదిగా ఇన్ఫెక్షన్ భయంతో చెల్లిని దగ్గరికి రానివ్వడం లేదు. వాడికి కావలసింది సముద్రమా, చెల్లా? ఇది తెలియకుండా బాబును ఒక్కడినే పెద్ద హోటల్లో దించితే కోరిక తీరినట్టు కాదు. అందుకే చాలా సంస్థలు తోబుట్టువులను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చినప్పుడు మిగతా పిల్లలు చప్పుడు లేకుండా పక్కకు జరిగిపోతారు, ఆ రోజైనా వాళ్లు మధ్యలోకి రావాలి.

ఆ తర్వాత ప్రణాళిక, ఇక్కడే నెలలు పడుతుంది. చాలామంది ‘అంత చిన్న కోరికకు ఇంత ఆలస్యమా’ అంటారు. లుకేమియా చికిత్సే తీసుకుంటే మొత్తం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది, మొదటి నెలల్లో కీమో తీవ్రంగా ఉండి తెల్ల రక్తకణాలు పడిపోతాయి, అప్పుడు గుంపులోకి వెళ్లడమే ప్రమాదం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది. అందుకని మందుల మోతాదు తగ్గి శరీరం కాస్త కుదురుకున్న దశలో, డాక్టర్ సంతకం పెట్టాకే ప్రయాణం. దారిలో జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా ముందే చూసుకోవాలి.

పరిస్థితి చేయి దాటుతోందని తెలిస్తే మాత్రం ఇదంతా రోజుల్లోకి, ఒక్కోసారి గంటల్లోకి కుదించేస్తారు. అలా కుదించలేకపోయిన ఒక సంఘటన నుంచే ఒక ఊరు లాంటి చోటు పుట్టింది. ఫ్లోరిడాలో హోటళ్లు నడిపిన హెన్రీ ల్యాండ్‌విర్త్, నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనిషి. జబ్బుపడ్డ ఒక పాప కుటుంబానికి ఉచితంగా గది ఇస్తానన్నాడు, మిగతా ప్రయాణ ఏర్పాట్లు అయ్యేలోపే ఆ పాప చనిపోయింది. ఆ బాధలోంచి 1986లో గివ్ కిడ్స్ ద వరల్డ్ అనే సంస్థ మొదలుపెట్టాడు. ఫ్లోరిడా వినోద ఉద్యానాలు చూడాలనుకున్న పిల్లల కుటుంబాలకు తన సొంత గ్రామంలోనే బస ఇస్తుంది. కోరికలు తీర్చే ఎన్నో సంస్థలు తమ పిల్లల్ని అక్కడికే పంపుతాయి. గది సిద్ధంగా ఉంటే సగం ఆలస్యం తగ్గినట్టే.

అన్ని కోరికలూ ఒప్పుకోరు. చేతికి డబ్బు, చికిత్స ఖర్చు, ప్రమాదకరమైనవి సాధారణంగా కుదరవు. 1996లో ఒక టీనేజ్ అబ్బాయి అలాస్కాలో ఎలుగుబంటిని వేటాడాలని కోరడం, దాన్ని తీర్చడం జంతు ప్రేమికుల నుంచి పెద్ద నిరసన తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మేక్-ఎ-విష్ అమెరికాలో తుపాకులతో, వేటతో ముడిపడ్డ కోరికలు ఆపేసింది. బిడ్డ కోరికే అయినా అది ఎవరి విలువల్లోంచి చూడాలన్న ప్రశ్నకు అప్పుడే కాదు, ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

సంతోషం సరే, ఆరోగ్యానికి ఏమైనా పనికొస్తుందా

దీని మీద జరిగిన పరిశోధన ఎక్కువ లేదు గానీ, ఉన్నదాంట్లో రెండు అధ్యయనాలను తెలుసుకోవాలి.

మొదటిది ఇజ్రాయెల్‌లో జరిగింది, 2016లో ప్రచురితమైంది. క్యాన్సర్ ఉన్న 66 మంది పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కోరిక ప్రక్రియ వెంటనే మొదలుపెట్టారు, ఇంకో గుంపును వెయిటింగ్ లిస్టులో ఉంచారు, అంటే వాళ్లకు కోరిక లేదనలేదు, తర్వాత ఇస్తామన్నారు. కొన్ని నెలల తర్వాత చూస్తే, మొదటి గుంపు పిల్లల్లో దిగులు, ఆందోళన తగ్గాయి, ఆశ పెరిగింది, రోజువారీ జీవన నాణ్యత మెరుగైంది. లాటరీ వేశారు కాబట్టి రెండు గుంపులూ మొదట ఒకేలా ఉన్నాయని నమ్మొచ్చు, అదే దీని బలం. తక్కువమంది, తక్కువ కాలం అన్నది బలహీనత.

రెండోది అమెరికాలో ఒహాయోలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్లది, 2019లో వచ్చింది. కోరిక తీరిన 496 మంది పిల్లల్ని, వయసులోనూ జబ్బులోనూ వాళ్లతో సరిపోలే, కోరిక అందని మరో 496 మందితో రెండేళ్లకు పోల్చి చూశారు. అనుకోకుండా ఆసుపత్రిలో చేరాల్సి రాకుండా గడిచే అవకాశం కోరిక తీరిన వాళ్లలో రెండున్నర రెట్లు, ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి రాకుండా ఉండే అవకాశం 1.9 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఈ రెండో అంకె వినగానే ‘కోరిక తీరిస్తే జబ్బు తగ్గుతుంది’ అని రాసేస్తుంటారు. ఆగాలి. ఇక్కడ లాటరీ లేదు. ఒక లెక్క వేసి చూడండి: వందమంది పిల్లలున్నారు, అందరికీ కోరిక ఇవ్వాలనే ఉంది, కానీ వాళ్లలో ఇరవై మందికి జబ్బు ముదిరి ప్రయాణం చేయలేని స్థితి వచ్చింది, కోరిక ఆగిపోయింది. ఇప్పుడు కోరిక తీరిన ఎనభైమందిని తీరని ఇరవైమందితో పోలిస్తే ఎనభైమందే ఆరోగ్యంగా కనిపిస్తారు, కోరిక ఏమీ చేయకపోయినా సరే. పరిశోధకులు జబ్బు తీవ్రతను సరిపోల్చడానికి ప్రయత్నించారు, అయినా ఇలాంటి తేడా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి, మనసుకు మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారమే ఉంది, శరీరానికి మేలు జరుగుతుందనడానికి ఆశ పుట్టించే సూచన ఉంది. ఇంతకు మించి చెబితే అతి అవుతుంది.

మేలు ఎలా జరుగుతుందన్నది నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం. జబ్బుపడ్డ బిడ్డకు తన జీవితంలో ఏదీ తన చేతిలో ఉండదు. సూది ఎప్పుడు, తిండి ఏమిటి, ఎవరిని కలవాలి, అన్నీ వేరేవాళ్లే నిర్ణయిస్తారు, క్యాలెండర్‌లో రాబోయేవన్నీ చికిత్స తేదీలే. అలాంటప్పుడు ఒక్క విషయంలో ‘నువ్వు చెప్పిందే జరుగుతుంది’ అనడం, ఎదురుచూడటానికి ఒక తేదీ ఇవ్వడం చిన్న సంగతి కాదు. అందుకే ఎదురుచూసే నెలలు కూడా చికిత్సలో భాగమేనని ఈ పని చేసేవాళ్లు నమ్ముతారు, ఇజ్రాయెల్ అధ్యయనం తేల్చినదీ ఇందుకు దగ్గరగానే ఉంది.

ఆ డబ్బుతో ప్రాణాలే కాపాడొచ్చు కదా

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాడు తత్త్వవేత్త పీటర్ సింగర్. సందర్భం 2013 నవంబర్ 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన సంగతి. లుకేమియాతో పోరాడిన ఐదేళ్ల బాబు బ్యాట్‌మ్యాన్‌లా ఉండాలని కోరుకున్నాడు, నగరమంతా ఒక రోజు నాటకరంగమైపోయింది, వేలమంది రోడ్ల మీదికి వచ్చి ‘బ్యాట్‌కిడ్’ అని పిలిచారు. నగర పాలక సంస్థకు అయిన ఖర్చు లక్షా ఐదు వేల డాలర్లు, దాన్ని తర్వాత దాతలు భరించారు. సింగర్ ఆ బాబు సంతోషాన్ని తక్కువ చేయలేదు. ఒక కోరికకు సగటున 7,500 డాలర్లు అవుతుందని అప్పట్లో సంస్థ లెక్కే చెప్పింది, అంత డబ్బుతో మలేరియా ఉన్న చోట దోమతెరలు పంచితే కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లల ప్రాణాలు నిలుస్తాయి, మరి ఏది మేలు అని అడిగాడు. కళ్లెదుట పేరూ మొహమూ ఉన్న ఒక్క బిడ్డకు మనసు కరుగుతుంది, పేరు తెలియని వెయ్యి మందికి కరగదు, మన దానాలు అలా పక్కదారి పడుతున్నాయన్నది ఆయన వాదన.

దీన్ని కొట్టిపారేయలేం. ఇద్దరు ముగ్గురు పిల్లల ప్రాణాలంటే మాటలా.

అవతలి వాదనలూ వినాలి. కోరికకు ఇచ్చిన డబ్బు, అది లేకపోతే దోమతెరలకు వెళ్లేదని గ్యారంటీ ఏమీ లేదు, చాలావరకు ఏ దానానికీ వెళ్లేది కాదు. పైగా అందులో పెద్ద భాగం నగదు కాదు: ఖాళీగా ఉన్న హోటల్ గది, విమాన మైళ్లు, ఒక ప్రముఖుడి మధ్యాహ్నం. రెజ్లర్ జాన్ సీనా 2022 నాటికి 650 మంది పిల్లల్ని ఇలా కలిశాడు, ఈ సంస్థ చరిత్రలో ఒక్క వ్యక్తి తీర్చిన అత్యధిక కోరికల రికార్డు అది, ఆ గంటల్ని మార్చి దోమతెరలు కొనలేం. ఇంకో వాదన, కష్టంలో ఉన్నవాళ్లకు సాయమంటే ప్రాణం నిలపడం ఒక్కటే కాదన్నది.

నా మటుకు నాకు సింగర్ ప్రశ్న నుంచి తప్పించుకోలేమనిపిస్తుంది, అయితే దానికి జవాబు కోరికలు ఆపేయడం కాదు. ‘ఈ నెల ఎవరికి ఇద్దాం’ అని ఆలోచించే మనిషికి ఆ ప్రశ్న చాలా ఉపయోగం. ఇప్పటికే కీమో గదిలో ఉన్న బిడ్డకు మాత్రం నీ కోరిక లాభసాటి కాదని చెప్పలేం. ఇక ‘ఆ డబ్బు ఆ బిడ్డ వైద్యానికే ఇవ్వొచ్చు కదా’ అన్నది వేరే ప్రశ్న. వైద్యం ఖర్చుకు సాయపడే సంస్థలు విడిగా ఉన్నాయి, ఉండాలి, ఇంకా చాలా కావాలి. ఒకటి తీసేసి ఇంకోటి పెట్టే వ్యవహారం కాదిది.

ఒకేలా వినిపించే పేర్లు, ఆగని గొలుసు ఉత్తరాలు

‘విష్’, ‘డ్రీమ్’ అనే మాటలు పేరులో ఉన్న సంస్థలు బోలెడున్నాయి. చాలావరకు నిజాయితీగా పనిచేసేవే. కానీ పేరు పోలికను వాడుకున్నవీ ఉన్నాయి. 2013లో టాంపా బే టైమ్స్ పత్రిక, సెంటర్ ఫర్ ఇన్వెస్టిగేటివ్ రిపోర్టింగ్ కలిసి అమెరికాలోని అధ్వాన్న సంస్థల జాబితా వేస్తే, మొదటి స్థానంలో నిలిచింది జబ్బుపడ్డ పిల్లల కోరికల పేరుతో నడిచే ఒక సంస్థే. ప్రజలిచ్చిన డాలరులో మూడు సెంట్లు కూడా పిల్లలకు నేరుగా చేరలేదని, చందాలు వసూలు చేసే కంపెనీలకే పదేళ్లలో దాదాపు 11 కోట్ల డాలర్లు వెళ్లాయని ఆ పరిశోధన తేల్చింది.

అదెలా సాధ్యమో లెక్కలో చూద్దాం. ఫోన్ చేసి అడిగితే మీరు 100 ఇచ్చారనుకోండి. ఫోన్ చేసినవాడు సంస్థ మనిషి కాదు, కాంట్రాక్టు కంపెనీ మనిషి, ఒప్పందం ప్రకారం 85 వాళ్లవే. మిగిలిన 15లో జీతాలు, ఆఫీసు ఖర్చు పోగా పిల్లల దాకా వచ్చేది రెండో మూడో. అయినా వార్షిక నివేదికలో ‘కార్యక్రమాల ఖర్చు’ పెద్దగానే కనిపించొచ్చు, ఎలాగంటే ఎవరో ఉచితంగా ఇచ్చిన బొమ్మలకు దుకాణం ధర కట్టి ఖర్చు కింద రాసుకుంటారు. అందుకే శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, నగదు ఎంత, వస్తు రూపంలో ఎంత అని విడదీసి చూడాలి. ఇదే సమయంలో, నిర్వహణ ఖర్చు సున్నా ఉండాలనుకోవడం కూడా తప్పే, డాక్టర్ల కాగితాలు సరిచూసేవాళ్లకు, ప్రయాణ బీమా చూసేవాళ్లకు జీతం కావాలి కదా.

ఇంకో రకం మోసంలో సంస్థ తప్పేమీ ఉండదు. మీకు లాటరీ తగిలింది, అది పిల్లల సంస్థ నడిపే లాటరీ, ముందు పన్ను కట్టండి అని ఫోన్లు వచ్చేవి. మేక్-ఎ-విష్ పేరును ఇలా వాడుకుంటున్నారని అమెరికా ప్రభుత్వ సంస్థలే హెచ్చరించాయి.

గొలుసు ఉత్తరాల కథ మాత్రం మోసం కూడా కాదు, మంచితనం అదుపు తప్పడం. 1989లో బ్రిటన్‌లో మెదడులో కణితి ఉన్న ఒక బాలుడు గ్రీటింగ్ కార్డుల రికార్డు కోసం కార్డులు పంపమని కోరాడు. ఏడాదిలోపే కోటిన్నరకు పైగా వచ్చి రికార్డు బద్దలైంది. 1991లో అతనికి అమెరికాలో ఆపరేషన్ జరిగింది, కోలుకున్నాడు, పెద్దవాడయ్యాడు. కార్డులు మాత్రం ఆగలేదు, ఇక పంపొద్దని కుటుంబం ఎంత వేడుకున్నా సరే. చేతులు మారేకొద్దీ పేర్లూ చిరునామాలూ మారిపోయి, ఎక్కడో మేక్-ఎ-విష్ పేరు కూడా చేరిపోయింది, ఆ సంస్థకు దానితో సంబంధమే లేదు. ‘చనిపోబోయే బాబు చివరి కోరిక, దయచేసి పంపండి’ అనే సందేశం ఆ బాబు పెరిగి పెద్దయ్యాక కూడా తిరుగుతూనే ఉంది.

ఫోటో ఎవరి కోసం

చివరగా ఒక ఇబ్బందికరమైన విషయం. ఈ సంస్థలు నడిచేదే కథల మీద, ఫోటో లేకపోతే విరాళం రాదు. అయితే ఆ ఫోటోలో ఉన్నది జుట్టు రాలిపోయిన ఆరేళ్ల బిడ్డ, ఒప్పుకున్నది తల్లిదండ్రులు. ఆ బిడ్డకు ఇరవై ఏళ్లు వచ్చాక, ఉద్యోగానికో పెళ్లి సంబంధానికో ఎవరైనా పేరు వెతికితే మొదట వచ్చేది ఆ ఫోటోనే అయితే? ‘చివరి కోరిక’ అని రాసేవాళ్లకు ఈ ఆలోచన రాదు, ఎందుకంటే ఆ మాటలోనే ఆ బిడ్డకు ఇరవై ఏళ్లు రావని అనుకోవడం ఉంది. మంచి సంస్థలు ప్రచారానికి ఒప్పుకోవడాన్నీ కోరిక తీర్చడాన్నీ వేరుగా ఉంచుతాయి, వద్దన్న కుటుంబానికీ కోరిక తీరుస్తాయి. ఎవరైనా ‘వీడియో ఇస్తేనే’ అని షరతు పెడితే అది కోరిక కాదు, బేరం.

శాన్ ఫ్రాన్సిస్కోలో నల్ల కేప్ వేసుకుని పరిగెత్తిన ఆ బాబు అప్పటికే కీమో ముగించుకుని రెమిషన్‌లో ఉన్నాడు, అంటే జబ్బు జాడ కనిపించని దశ. ఆ వేసవిలోనే చికిత్స పూర్తయింది. ఐదేళ్ల తర్వాత, 2018 నవంబర్‌లో, అతనికి క్యాన్సర్ లేదని, మిగతా పిల్లల్లాగే బడికి వెళ్తూ ఆటలాడుకుంటున్నాడని మేక్-ఎ-విష్ చెప్పింది.